దుబాసి ఎవరు? ప్రొటీను నిర్మాణంపై క్రిక్ వ్యాసం: ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలోగాని, కళాశాలలోగాని జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఏదో ఒకనాడు నల్లబల్లపై రెండు బాణాలు గీస్తాడు. డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.కు ఒకటి, ఆర్.ఎన్.ఏ. నుండి ప్రొటీనుకు మరొకటి. దీనిపేరు ‘కేంద్ర సిద్ధాంతం’ అనీ, దీనిని ప్రతిపాదించినవాడు ఫ్రాన్సిస్ క్రిక్ అనీ చెప్పి, ఆ మాటల క్రింద గీత గీయించి ముందుకు సాగుతాడు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తుంది. రెండు బాణాలూ గీసిన విద్యార్థికి మార్కులు వస్తాయి. ఇంతటితో పాఠం ముగుస్తుంది.

అయితే ఆ క్రిక్ నిజంగా ఏమి వ్రాశాడో తెరచి చూచినవారు తక్కువ. చూస్తే రెండు సంగతులు బోధపడతాయి. మొదటిది, మనం గీసే బాణాల బొమ్మ ఆయన చెప్పిన సిద్ధాంతం కాదు. రెండవది, ఆ వ్యాసంలో అన్నిటికంటె విలువైన ఆలోచనకు మన పాఠంలో తగిన చోటు లేదు. ఈ రెండు సంగతులను విచారించడమే ఈ విమర్శకు ప్రయోజనం. ఇది క్రిక్‌ను పొగడడానికీ కాదు, తప్పులు పట్టడానికీ కాదు. ఒక గొప్ప శాస్త్ర వ్యాసాన్ని ఎలా చదవాలో, చదివినదానిని తరగతిలో ఎలా వినియోగించుకోవాలో తెలుసుకోవడానికి.

వ్యాసం పుట్టిన కాలం

1957 సెప్టెంబరులో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రయోగాత్మక జీవశాస్త్ర సంఘంవారు జరిపిన గోష్ఠిలో క్రిక్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అది మరుసటి సంవత్సరం, అంటే 1958లో, ‘ప్రొటీను సంశ్లేషణను గురించి’ అనే అర్థం వచ్చే పేరుతో అచ్చయింది. పాతిక పుటల వ్యాసం. అందులో ఆయన చేసిన క్రొత్త ప్రయోగం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఇతరులు చేసిన ప్రయోగాలను ఒకచోట పేర్చి, వాటివెనుక ఏమి వుండవచ్చునో తర్కించడమే.

అప్పటికి తెలిసిన విషయాలను ముందుగా గుర్తు చేసుకోవాలి. డి.ఎన్.ఏ. రెండు పేటల మెలిక అని వాట్సన్, క్రిక్‌లు 1953లో చూపారు. ప్రొటీను అంటే అమినో ఆమ్లాలు ఒకదాని వెనుక ఒకటిగా గుచ్చిన గొలుసు. మన పెద్దలు వీటిని మాంసకృత్తులు అన్నారు. ఇన్సులిన్ అనే ప్రొటీనులో వున్న 51 అమినో ఆమ్లాల వరుసను ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికి పూర్తిగా తేల్చాడు. దానితో ప్రొటీనులో అమినో ఆమ్లాల వరుస ఇష్టం వచ్చినట్లు వుండదనీ, ప్రతి ప్రొటీనుకూ ఒక నిర్దిష్టమైన వరుస వుంటుందనీ రుజువయింది. ఆ తరువాత వెర్నన్ ఇన్‌గ్రామ్ కొడవలి కణాల రక్తహీనతను పరిశీలించి, రోగి హీమోగ్లోబిన్‌లో గ్లుటామిక్ ఆమ్లం వుండవలసిన ఒక్క చోట వాలీన్ వున్నదని 1957లో చూపాడు. ఒక్క జన్యువులోని దోషం ప్రొటీనులో ఒక్క అమినో ఆమ్లం మార్పుగా కనిపించింది.

తెలియనివి ఇంతకంటె ఎక్కువ. డి.ఎన్.ఏ. కేంద్రకంలో వుంటే, ప్రొటీను తయారయ్యేది కేంద్రకం బయట, కణద్రవ్యంలో. నేడు రైబోజోములని పిలిచే సూక్ష్మ కణికలలో ఆ పని జరుగుతుందని బోస్టన్‌లో జామెక్‌నిక్ బృందం కనుగొన్నది. కాని కేంద్రకంలోని ఆదేశం అక్కడికి ఏ రూపంలో చేరుతున్నది, నాలుగు అక్షరాల డి.ఎన్.ఏ. భాష ఇరవై అక్షరాల ప్రొటీను భాషలోకి ఎలా మారుతున్నది, ఈ ప్రశ్నలకు సమాధానం లేదు. ఇల్లు కట్టడానికి నక్షా వున్నది, ఇల్లు లేచింది. మధ్యలో మేస్త్రి ఎవరో, ఇటుకలు అందించేది ఎవరో తెలియదు. అటువంటి సమయంలో వచ్చిన వ్యాసం ఇది.

ప్రతిజ్ఞను సిద్ధాంతమనడం

క్రిక్ రెండు మూలసూత్రాలను ప్రతిపాదించాడు. మొదటిది వరుస సూత్రం. న్యూక్లియిక్ ఆమ్లంలోని ఒక ముక్కకున్న ప్రత్యేకత అంతా దాని బేసుల వరుసలోనే వున్నదనీ, ఆ వరుస ఒక ప్రొటీనులోని అమినో ఆమ్లాల వరుసకు సంకేతమనీ దాని భావం. గొలుసు ఏ ఆకారంలో ముడుచుకోవాలన్నది కూడ ఆ వరుసనుబట్టే తేలుతుందని ఆయన అనుకున్నాడు. ఈ ఊహకు తరువాత క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ రైబోన్యూక్లియేజుపై చేసిన ప్రయోగాలు బలమిచ్చాయి. ఆయనకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. ముడుచుకోవడంలో సహాయపడే వేరే ప్రొటీనులు కణంలో వున్నాయని తరువాత తెలిసినా, ఏ ఆకారం అన్నది వరుసలోనే వున్నదన్న మాట నిలిచింది.

రెండవదే ప్రసిద్ధికెక్కిన ‘సెంట్రల్ డాగ్మా’. దానిలో ఆయన చెప్పినది ఇది: వరుసను గురించిన సమాచారం న్యూక్లియిక్ ఆమ్లంనుండి న్యూక్లియిక్ ఆమ్లానికి పోవచ్చు, న్యూక్లియిక్ ఆమ్లంనుండి ప్రొటీనుకు పోవచ్చు, కాని ఒకసారి ప్రొటీనులోకి చేరిన తరువాత అది మరల బయటకు రాదు. ప్రొటీనును చూచి మరో ప్రొటీనునుగాని, న్యూక్లియిక్ ఆమ్లాన్నిగాని కణం తయారు చేయలేదు. పాఠకులు గమనించాలి: ఇందులో రెండు బాణాలు లేవు. ఉన్నది ఒక నిషేధం మాత్రమే. డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ.కు, అక్కడినుండి ప్రొటీనుకు అనే సులభమైన బొమ్మ వాట్సన్ 1965లో ప్రకటించిన పాఠ్యగ్రంథం ద్వారా లోకంలో వ్యాపించింది.

ఈ తేడా చిన్నది కాదు. 1970లో టెమిన్, బాల్టిమోర్‌లు విడివిడిగా, కొన్ని వైరసులలో ఆర్.ఎన్.ఏ.ను చూచి డి.ఎన్.ఏ.ను తయారుచేసే ఎంజైమును కనుగొన్నారు. కేంద్ర సిద్ధాంతం తలక్రిందులయిందని శాస్త్రపత్రికలోనే వ్రాశారు. క్రిక్ వెంటనే సమాధానం చెప్పాడు: తాను ఆ దారిని ఎన్నడూ నిషేధించలేదని. బాణాల బొమ్మను నమ్ముకున్నవారికి అది ప్రళయంగా కనిపించింది. అసలు వ్యాసాన్ని చదివినవారికి అందులో ఆశ్చర్యం లేదు. ఆ ఎంజైమునే కోవిడ్ రోజులలో ఆర్.టి.-పి.సి.ఆర్. పరీక్షలో మొదటి మెట్టుగా వాడారు. ముక్కునుండి తీసిన నమూనాలోని వైరసు ఆర్.ఎన్.ఏ.ను ముందు డి.ఎన్.ఏ.గా మార్చి, తరువాత దానిని పెంచి చూచారు. ఆ పరీక్ష చేయించుకున్న పిల్లవాడికి మనం బల్లపై ఒకేవైపు బాణం గీసి ‘ఇది మారదు’ అని చెపుతున్నామంటే పాఠం ఎక్కడ తప్పిందో ఆలోచించాలి.

తప్పు పూర్తిగా పాఠ్యపుస్తకాలదే అనలేము. ‘డాగ్మా’ అనే మాటను ఎంచుకున్నది క్రిక్. ఆ మాటకు మతవిశ్వాసంలో ప్రశ్నించరాని విషయమని అర్థం. ‘హైపోథెసిస్’ అనే మాటను అప్పటికే వరుస సూత్రానికి వాడుకున్నందున దీనికి మరో మాట వాడానని, ఆ మాటవల్ల లాభంకంటె చిక్కే ఎక్కువ వచ్చిందని ఆయన 1988లో తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. చిత్రమేమంటే, ఈ రెండు సూత్రాలకూ ప్రత్యక్ష సాక్ష్యం దాదాపు లేదని, అయినా ఆలోచించడానికి ఎంతో ఉపకరించాయని ఆ వ్యాసంలోనే ఆయన నిర్మొహమాటంగా ఒప్పుకున్నాడు. అంత నిజాయితీ గల మాట ప్రక్కన ‘డాగ్మా’ అనే మాట ఇమడదు.

మన భాషలోకి వచ్చేసరికి ఈ చిక్కు మరొక మలుపు తిరిగింది. మన తర్కశాస్త్రంలో వాదానికి అయిదు అంగాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ‘కొండమీద నిప్పు వున్నది’ అనడం ప్రతిజ్ఞ. పొగను హేతువుగా చూపి, వంటింటిని ఉదాహరణగా చెప్పి, దానిని కొండకు అన్వయించిన తరువాత ‘కాబట్టి నిప్పు వున్నది’ అనడం నిగమనం. రెండు వాక్యాల మాటలు ఒకటే. కాని నడుమ జరిగిన విచారణవల్ల వాటి విలువ వేరు. సిద్ధాంతమనేది పూర్వపక్షాన్ని ఖండించి నిలిచిన నిర్ణయం. 1958లో క్రిక్ చెప్పినది కొండను దూరంనుండి చూచి చేసిన ప్రతిజ్ఞ. దానిని మొదటినుండీ ‘సిద్ధాంతం’ అని బోధించినందువల్ల విద్యార్థికి నిప్పు మాత్రమే చూపాము, పొగను చూపలేదు. పేరు ఇప్పుడు మార్చలేకపోవచ్చు. కాని ఆ పేరు చెప్పేటప్పుడు, ఇది ఊహగా మొదలై పరీక్షలకు నిలిచినదన్న మాట కూడ చెప్పడం ఉపాధ్యాయుని బాధ్యత.

తప్పిపోయిన ఊహలు

వ్యాసంలో తప్పులు కూడ వున్నాయి. అవి దాచదగినవి కావు, బోధించదగినవి.

రైబోజోములోని ఆర్.ఎన్.ఏ.యే అచ్చు అనీ, ఒక్కొక్క రైబోజోము ఒక్కొక్క రకం ప్రొటీనును పోతపోస్తుందనీ క్రిక్ అనుకున్నాడు. ఇది నిలువలేదు. ఆదేశాన్ని మోసుకువచ్చే ఆర్.ఎన్.ఏ. వేరే వున్నదనీ, అది కొద్దికాలమే వుండి నశిస్తుందనీ 1960లో బ్రెన్నర్, జాకబ్, క్రిక్‌ల మధ్య జరిగిన ఒక సంభాషణలో తట్టింది. 1961లో ప్రయోగపూర్వకంగా రుజువయింది. అదే నేటి రాయబారి ఆర్.ఎన్.ఏ. రైబోజోము ఏ రాయబారి వచ్చినా దానిని చదివే సామాన్య యంత్రం. ఇక రైబోజోములోని ఆర్.ఎన్.ఏ. చేసే పని మరొకటి. 2000లో రైబోజోము నిర్మాణాన్ని అణువు అణువుగా చూడగలిగిన తరువాత, రెండు అమినో ఆమ్లాలకు ముడివేసే చోట ప్రొటీనేదీ దరిదాపులలో లేదని, ఆ ముడివేసేది ఆర్.ఎన్.ఏ.యేనని తేలింది. ఆ కృషికి వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనాథ్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది. అచ్చు అనుకున్నది పనివాడయింది.

ఇంతకంటె నేర్పదగిన తప్పు మరొకటి వున్నది. నాలుగు అక్షరాలను మూడేసి చొప్పున కూర్చితే 64 పదాలు వస్తాయి. అమినో ఆమ్లాలు ఇరవై. ఈ రెండు అంకెలకు పొత్తు ఎలా? 1957లో క్రిక్, గ్రిఫిత్, ఆర్గెల్ అనే ముగ్గురు ఒక లెక్క చెప్పారు. 1958 వ్యాసంలో దాని ప్రస్తావన వున్నది. పదానికీ పదానికీ మధ్య విరామచిహ్నం లేకపోయినా ఎక్కడ మొదలు పెట్టాలో పొరపడకూడదంటే, కొన్ని పదాలను నిషేధించాలి. ‘ఏఏఏ’ వంటి నాలుగు పదాలు పనికిరావు. రెండు ప్రక్కప్రక్కన వస్తే మొదలు ఎక్కడో తెలియదు. ఇక మిగిలినవి 60. ‘ఏయుజి’ అనే పదానికి అర్థం వుంటే, ‘యుజిఏ’, ‘జిఏయు’ అనే వాటికి అర్థం వుండకూడదు. ‘ఏయుజి ఏయుజి’ అని వ్రాసినప్పుడు ఆ రెండూ మధ్యలో కనిపిస్తాయి గదా. కాబట్టి ప్రతి మూడింటిలో ఒక్కటే మిగులుతుంది. 60ని మూడుతో భాగిస్తే సరిగ్గా 20!

గణితం చెప్పే ఉపాధ్యాయుడెవరైనా ఈ లెక్కకు ముగ్ధుడు కావలసిందే. కాని ప్రకృతి ఆ లెక్కను పాటించలేదు. 1961లో నైరెన్‌బర్గ్, మత్తై అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ‘యు’ అనే ఒక్క అక్షరమే వరుసగా వున్న కృత్రిమ ఆర్.ఎన్.ఏ.ను, కణాలను పగులగొట్టి తీసిన రసంలో వేశారు. ఫినైల్ ఎలనీన్ మాత్రమే వున్న గొలుసు తయారయింది. అంటే ‘యుయుయు’ అనే పదానికి అర్థం వున్నది. సుందరమైన లెక్క ప్రకారం ఆ పదం నిషిద్ధం! ఒక్క పరీక్షనాళికతో లెక్క కూలిపోయింది. తరువాత మన దేశంలో పుట్టి విస్కాన్సిన్‌లో పనిచేసిన హరగోవింద ఖొరానా, అక్షరాలు తెలిసిన వరుసలో తిరిగి తిరిగి వచ్చే ఆర్.ఎన్.ఏ.లను రసాయనికంగా నిర్మించి మిగిలిన పదాలు తేల్చడంలో ప్రధానపాత్ర వహించాడు. ‘యుసియుసి’ అని సాగే సందేశంనుండి సెరీన్, లూసీన్ ఒకటి విడిచి ఒకటిగా వచ్చే గొలుసు పుట్టింది. 1966 నాటికి పట్టిక పూర్తయింది. 61 పదాలకు అమినో ఆమ్లాలు, మూడు పదాలు ఆపుమని చెప్పేవి. అందంగా వున్నంతమాత్రాన ఊహ నిజం కాదని విద్యార్థికి చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వ్యాసంలోని అసలు వెలుగు

ఇక మన పాఠంలో తగిన చోటు దొరకని ఆలోచనకు వద్దాము.

జార్జి గామోవ్ 1954లో, అమినో ఆమ్లాలు డి.ఎన్.ఏ. మెలికలోని గుంటలలో తాళంచెవుల్లా నేరుగా అమరుతాయని ఊహించాడు. ఆ ఊహను పరిశీలించిన క్రిక్‌కు రసాయనికంగా ఒక చిక్కు కనిపించింది. న్యూక్లియిక్ ఆమ్లం చూపగలిగినది ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు ఏర్పరచే తావులు. లూసీన్, వాలీన్ వంటి అమినో ఆమ్లాల ప్రక్కకొమ్మలు నీటిని గిట్టనివి. హైడ్రోజన్ బంధం ఏర్పరచలేనివి. వాలీన్‌కూ ఐసోలూసీన్‌కూ వున్న తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్‌లు మాత్రమే. వీటిని విడివిడిగా గుర్తుపట్టగల గుంటలు న్యూక్లియిక్ ఆమ్లంలో ఎక్కడ వున్నాయి? కాబట్టి అమినో ఆమ్లం అచ్చుకు నేరుగా అంటుకోదు. ముందు అది ఒక చిన్న మధ్యవర్తికి తగిలించబడుతుంది. ఆ మధ్యవర్తి హైడ్రోజన్ బంధాలతో అచ్చుకు అతుక్కుంటుంది. అమినో ఆమ్లాలు ఇరవై కాబట్టి మధ్యవర్తులు కనీసం ఇరవై, తగిలించే ఎంజైములు ఇరవై వుండాలి. దీనికి అడాప్టరు ఊహ అని పేరు వచ్చింది.

ఈ ఆలోచనను క్రిక్ మొదట 1955లో వ్రాశాడు. కాని అచ్చు వేయలేదు. గామోవ్ స్థాపించిన ‘ఆర్.ఎన్.ఏ. టై క్లబ్బు’ అనే మిత్రబృందానికి పంపిన లేఖగా మాత్రమే అది తిరిగింది. ఆ బృందంలో సభ్యులు ఇరవైమంది, తలా ఒక అమినో ఆమ్లం పేరు. ఇంతలో బోస్టన్‌లో హోగ్లండ్, జామెక్‌నిక్‌లు, ఆ లేఖ సంగతి తెలియకుండానే, అమినో ఆమ్లాలను తగిలించుకుని తిరిగే చిన్న ఆర్.ఎన్.ఏ.ను కనుగొన్నారు. అదే నేటి బదిలీ ఆర్.ఎన్.ఏ. క్రిక్ ఊహించిన మధ్యవర్తి మూడు న్యూక్లియోటైడుల వంటి చిన్న ముక్క. నిజంగా దొరికినది దాదాపు ఎనభై న్యూక్లియోటైడులది. 1965లో రాబర్ట్ హోలీ వరుస తేల్చిన మొదటి బదిలీ ఆర్.ఎన్.ఏ.లో 77 వున్నాయి. పరిమాణం తప్పింది, తర్కం తప్పలేదు. రసాయన బంధాలనుగురించి మాత్రమే ఆలోచించి, ఎవరూ చూడని అణువు ఒకటి వుండితీరాలని చెప్పడం, అది తరువాత దొరకడం, ఇదీ ఈ వ్యాసం సాధించిన విజయం.

ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను ఏటా అడుగుతుంటాను: ‘యుయుయు అంటే ఫినైల్ ఎలనీన్ అని కణంలో ఎవరికి తెలుసు?’ ఎక్కువమంది డి.ఎన్.ఏ.కు తెలుసునంటారు. కొందరు రైబోజోము అంటారు. బాగా చదివినవారు బదిలీ ఆర్.ఎన్.ఏ. అంటారు. మూడు సమాధానాలూ సరికావు.

పూర్వం మచిలీబందరులోను, చెన్నపట్నంలోను దొరలు వ్యాపారం చేసేటప్పుడు దుబాసీలు వుండేవారు. దుబాసి అంటే రెండు భాషలు తెలిసినవాడు. దొరకు తెలుగు రాదు, నేతపనివారికి ఇంగ్లీషు రాదు; ఆ రెండూ తెలిసినది దుబాసికే. కణంలో న్యూక్లియిక్ ఆమ్లాల భాష, అమినో ఆమ్లాల భాష రెండూ తెలిసినది ఎవరు? డి.ఎన్.ఏ.కు ఒక భాషే తెలుసు. రైబోజోము, సందేశంలోని పదానికీ బదిలీ ఆర్.ఎన్.ఏ.లోని ప్రతిపదానికీ జత కుదిరిందా లేదా అని చూస్తుంది. అదీ న్యూక్లియిక్ ఆమ్లాల భాషే. బదిలీ ఆర్.ఎన్.ఏ. ఒక కొనలో ప్రతిపదం, మరొక కొనలో అమినో ఆమ్లం మోస్తుంది. కాని తాను మోసేది ఏమిటో దానికి తెలియదు.

దీనిని తేల్చిన ప్రయోగం 1962లో జరిగింది. షాప్‌విల్, లిప్‌మన్, బెంజర్ మొదలైనవారు సిస్టీన్ తగిలించుకున్న బదిలీ ఆర్.ఎన్.ఏ.ను తీసుకొని, నికెల్ ఉత్ప్రేరకంతో ఆ సిస్టీన్‌లోని గంధకాన్ని తొలగించారు. గంధకం పోతే సిస్టీన్ ఎలనీన్ అవుతుంది. చీటీ పాతదే, సరుకు మాత్రం మారింది. ఈ అణువును రైబోజోముకు అందిస్తే, సిస్టీన్ పెట్టవలసిన చోట ఎలనీన్ పెట్టింది! రైబోజోము చీటీని మాత్రమే చదివింది, సరుకును చూడలేదు.

మరి చీటీని సరుకుకు సరిగ్గా కట్టేది ఎవరు? క్రిక్ వుండాలని చెప్పిన ఆ ఇరవై ఎంజైములు. వీటి పూర్తి పేరు అమినో ఎసైల్ బదిలీ ఆర్.ఎన్.ఏ. సింథటేజులు. ఒక్కొక్క ఎంజైము ఒక ప్రక్క తన అమినో ఆమ్లాన్ని, మరొక ప్రక్క తన బదిలీ ఆర్.ఎన్.ఏ.ను గుర్తుపడుతుంది; ఏ.టి.పి. శక్తిని ఖర్చుపెట్టి రెండింటినీ జోడిస్తుంది. ఐసోలూసీన్ ఎంజైము ఎప్పుడైనా పొరపాటున వాలీన్‌ను పట్టుకుంటే, దానిని తెంచివేసే మరొక తావు ఆ ఎంజైములోనే వున్నది. కణంలో రెండు భాషలూ తెలిసిన దుబాసి ఇదే. సంకేతానికి అర్థం ఇచ్చేది ఇదే. ఈ ఎంజైములు కూడ ప్రొటీనులే, వాటిని తయారు చేయడానికీ ఇవే కావాలి. ఈ చక్రం మొదట ఎలా మొదలయింది అన్నది జీవోత్పత్తి శాస్త్రంలో నేటికీ పెద్ద ప్రశ్న.

అర్థం దుబాసి చేతిలో వున్నదనడానికి మరి రెండు సాక్ష్యాలు. మనిషి మైటోకాండ్రియాలలో ‘యుజిఏ’ అనే పదం ఆపుమని చెప్పదు, ట్రిప్టోఫాన్ పెట్టమని చెపుతుందని 1979లో తెలిసింది. పదం అదే, చదివేవారు మారారు, అర్థం మారింది. 2001లో పీటర్ షుల్జ్ బృందం బాక్టీరియాలో ఒక క్రొత్త బదిలీ ఆర్.ఎన్.ఏ.ను, దానికి తగిన మార్పుచేసిన ఎంజైమును ప్రవేశపెట్టి, సహజమైన ఇరవైలో లేని అమినో ఆమ్లాన్ని ప్రొటీనులో చేర్పించింది. ఒక భాషకు క్రొత్త అక్షరం కావాలంటే క్రొత్త దుబాసిని నియమించాలి.

లోకానికి దీనితో ఏమి పని?

ఇదంతా ప్రయోగశాల ముచ్చట అనుకోరాదు. మానవ ఇన్సులిన్ తయారుచేసే ఆదేశాన్ని బాక్టీరియాలో పెట్టి ఇన్సులిన్ తీస్తున్నారు. ఆ మందుకు అమెరికాలో 1982లో అనుమతి లభించింది. మనిషి సందేశాన్ని బాక్టీరియా ఎందుకు చదవగలిగింది? రెండింటి దుబాసీలు ఒకే నిఘంటువును వాడుతున్నందువల్ల. కోవిడ్‌కు వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలలో వున్నది సందేశం మాత్రమే. చదివే యంత్రమూ, దుబాసీలూ మన కణాలవే. ఆ సందేశాన్ని శరీరం తిరస్కరించకుండా సవరించే ఉపాయానికి కారికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లె ప్రయోగశాలలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అది టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. ఆ మందులు ఎలా పనిచేస్తాయో అప్పుడు తెలియదు. అవి బాక్టీరియా రైబోజోములోని చిన్న భాగానికి అంటుకొని, సరుకు మోసుకువచ్చే బదిలీ ఆర్.ఎన్.ఏ.కు చోటులేకుండా చేస్తాయని తరువాత తెలిసింది. అంటుకునే తావును రామకృష్ణన్ బృందం 2000లో చూపింది. మందు కుదిరి అర్ధశతాబ్దం గడచిన తరువాత, అది అడ్డుపడుతున్నది మధ్యవర్తి దారికేనని కంటికి కనిపించింది.

ఇన్‌గ్రామ్ పరిశీలించిన కొడవలి కణాల వ్యాధి ఆదిలాబాదు, విశాఖ మన్యాలలోని గిరిజనులలో నేటికీ వున్నది. బీటా గొలుసులోని 146 అమినో ఆమ్లాలలో ఆరవచోట ‘జిఏజి’ అనవలసినది ‘జియుజి’ అయింది. కణంలోని దుబాసీలు ఏ తప్పూ చేయలేదు. వ్రాసినది వ్రాసినట్లే అనువదించారు. తప్పు వ్రాతలో వున్నది. వ్రాతలో తప్పు, చదువడంలో తప్పు వేరువేరని తెలిస్తేనే ఈ వ్యాధి ఎందుకు వంశపారంపర్యమో విద్యార్థికి స్పష్టమవుతుంది.

ఒక ఆక్షేపణ, సమాధానం

పాఠశాల పిల్లలకు ఇంత ఎందుకు, రెండు బాణాలు చాలవా అని కొందరు ఉపాధ్యాయులు అనవచ్చు. నలభై అయిదు నిమిషాల పీరియడు, ముందు పూర్తికావలసిన సిలబసు. ఆక్షేపణలో న్యాయం వున్నది. బాణాలు గుర్తుపెట్టుకోవడానికి సులువు కూడ. ఎంజైముల పేర్లు పిల్లలచేత వల్లె వేయించాలని నేను అనడం లేదు. కాని రెండవ బాణంలో, అంటే ఆర్.ఎన్.ఏ. నుండి ప్రొటీనుకు గీసిన గీతలో, సమస్య అంతా దాగివున్నది. మొదటి బాణం నకలు వ్రాయడం, లిపి ఒకటే. రెండవది అనువాదం, భాషే మారుతుంది. రెండింటికీ ఒకే రకం గీత గీస్తే, అక్కడ ఆలోచించవలసినది ఏమీ లేదని పిల్లలు అనుకుంటారు.

దీనికి పెద్ద ఖర్చు లేని ఉపాయం ఒకటి వున్నది. నాలుగు రంగుల పూసలు, కొన్ని కాగితపు చీటీలు, ఒక దారం తీసుకోండి. బల్లపై మూడేసి అక్షరాల సందేశం వ్రాయండి. ఒక విద్యార్థి పూసకు చీటీ కట్టాలి. ఏ రంగుకు ఏ చీటీ అన్న పట్టిక అతని దగ్గర మాత్రమే వుండాలి. మరొక విద్యార్థి పూసల రంగు చూడకుండా, చీటీమీది అక్షరాలను సందేశంతో సరిచూచి దారానికి గుచ్చాలి. దండ సరిగ్గా వస్తుంది. రెండవసారి, చీటీలు కట్టే విద్యార్థితో రహస్యంగా ఒక రంగు మార్చమనండి. గుచ్చేవాడు ఏ పొరపాటూ చేయకపోయినా దండ తప్పుగా వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో తరగతిని కనిపెట్టమనండి. 1962 నాటి ప్రయోగం పదిహేను నిమిషాలలో పిల్లల చేతులలో జరుగుతుంది.

క్రిక్ వ్యాసంపై నా తీర్పు ఇది. పేరు పెట్టడంలో అది పొరబడింది. రైబోజోము విషయంలోను, సంకేతపు లెక్క విషయంలోను దారి తప్పింది. అయినా ఏది తెలిసినదో, ఏది ఊహో విడదీసి చెప్పింది కాబట్టి, దాని తప్పులు ఎవరినీ మోసగించలేదు. తరువాతివారు వాటిని పరీక్షించి సరిదిద్దగలిగారు. మన పాఠాలలో లోపించినది ఈ విడదీసి చెప్పడమే. వచ్చే సంవత్సరం ప్రశ్నపత్రం తయారుచేసే ఉపాధ్యాయులు ‘కేంద్ర సిద్ధాంతాన్ని వివరించుము’ అనే ప్రశ్న ప్రక్కన, ‘యుయుయు అంటే ఫినైల్ ఎలనీన్ అని కణంలో ఎవరికి తెలుసు? ఎలా తెలిసింది?’ అనే చిన్న ప్రశ్నను చేర్చి చూడాలని కోరుతున్నాను. రెండు మార్కులు చాలు.